అద్దాల పెట్టెలో పులిమేక

అనంతగిరి కొండల్లో ఇవాళ పులి కనపడకపోవడానికి కారణం వేటగాళ్లూ కాదు, అడవి పలచబడడమూ కాదు. మిగిలిన మూడు పులుల్నీ గ్యాంగ్‌మన్ ఫల్గుణ పట్టుకుని సబ్బుపెట్టెలో పెట్టి మూతేశాడు. అదే పెట్టెలో పదిహేను మేకల్ని కూడా పెట్టాడు. ఆరేళ్లు కలిసి కాపురం చేశాయి, ఒక్క మేకా తగ్గలేదు. నమ్మనివాళ్లు బొర్రాలో రైలు దిగి ఎవర్ని అడిగినా చెబుతారు. తలో రకంగా చెబుతారు, అది వేరే సంగతి.

ఫల్గుణ పులి బొటనవేలి గోరంత ఉంటుంది. మేక అందులో సగం. అంకుడు కర్రను బ్లేడు ముక్కతో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, ఆపైన రంగు వేస్తాడు. కుంచె కొన్నది కాదు. ఏదుపంది ముల్లు చివర మేక చెవి వెంట్రుకలు నాలుగు కట్టి తనే చేసుకున్నాడు. ఆ నాలుగూ ఎక్కువేనని, మీసాలు పెట్టేటప్పుడు మూడింటిని పక్కకు మడిచి ఒక్కదానితోనే పెడతాడని ప్రతీతి. మీసం పెట్టేటప్పుడు ఊపిరి బిగబడతాడు. ఒక ఆదివారం గుమ్మంలో ఎండకు కూర్చుని ఎంతసేపు బిగబట్టాడంటే, పక్కింటివాళ్లు వచ్చి బొటనవేళ్లు కట్టడానికి తాడు వెతికారు.

ఇక రంగులు. స్టేషన్ పేరు బోర్డులకు రంగు వేయడానికి వరహాలరావు అనే పెయింటరు విజయనగరం నుంచి రెండేళ్లకోసారి వచ్చేవాడు. డబ్బాలు మోసేది ఫల్గుణ. పనయ్యాక అడుగున గడ్డకట్టిన డబ్బాలను వరహాలరావు తుప్పల్లోకి విసిరేస్తే, ఫల్గుణ ఏరి తెచ్చుకుని కిరసనాయిల్లో నానబెట్టేవాడు. బోర్డు పసుపు, అక్షరాల నలుపు. పులికి ఇంకేం కావాలి? నాలుకకు లెవెల్ క్రాసింగు గేటు ఎరుపు. మేకలకు కిలోమీటరు రాళ్ల తెలుపు. ఆ పులి ఎంత అచ్చమైన రైల్వే పులి అంటే, దాని పొట్ట మీద సముద్రమట్టానికి ఎన్ని మీటర్ల ఎత్తో రాయడం ఒక్కటే తక్కువ.

ఇంత పనిమంతుణ్ణి గ్యాంగులో ఎవరైనా మెచ్చుకున్నారా? లేదు. పట్టాలు బిగించేచోట భోజనాల వేళ మంగ్లు అనేవాడు రోజూ ఒకే మాట అనేవాడు.

"నలభై ఏళ్లొస్తన్నాయి, ఇంకా బొమ్మలకి బొట్లెడతన్నావా ఫల్గుణా? గౌన్లు కూడా కుట్టీ."

"నువ్వు పేకాడితే మగోడివి, నాను పులిమేకాడితే సిన్నగుంటడినా?" అని ఫల్గుణ క్యారేజీ మూత టపీమని వేసేవాడు. "నీ పేకలో రాజుకి మొకమెలగుంటాదో ఎప్పుడైనా సూసినావా? నా మేకల్లో ఒక్కోదానికి ఒక్కో మొకం. నువ్వు కూడున్నావు."

నిజమే. ఎప్పుడూ ఏదో నములుతూ ఉండే మేక ఒకటి ఉంది. దాని దవడ మంగ్లుదే.

అసలు ఈ బొమ్మలు ఎందుకు మొదలయ్యాయో తెలిస్తే మంగ్లు కూడా నోరు మూసుకునేవాడు. ఫల్గుణకు ఒక్కతే కూతురు, సోని. అయిదేళ్లప్పుడు ఆ పిల్లకు మలేరియా పట్టి నెలన్నర చాప దిగలేదు. తండ్రి పక్కన కూర్చుని నేల మీద బొగ్గుతో పులిమేక గీత గీసి, గులకరాళ్లతో ఆడించాడు. ఆట తెలియనివాళ్లకు ఒక్క ముక్క: కొండలాంటి ముక్కోణం, దానికి అడ్డంగా గీతలు. పులులు మూడు, మేకలు పదిహేను. పులి మేక మీంచి దూకి అవతల ఖాళీలో పడితే ఆ మేక చచ్చినట్టు. మేకలన్నీ చుట్టుముట్టి పులులకు అడుగు కదిపే చోటు లేకుండా చేస్తే పులుల్ని కట్టేసినట్టు. సోని జ్వరంలో కళ్లు సగం తెరిచి, "అయ్యా, ఇందులో పులేది?" అని అడిగింది. అన్నీ రాళ్లే కదా. మర్నాడు ఫల్గుణ డ్యూటీ నుంచి వస్తూ అంకుడు కొమ్మ విరుచుకొచ్చాడు.

జ్వరం పోయింది, ఆట ఉండిపోయింది. గీత నేల మీంచి ఒక చెక్క మీదికి ఎక్కింది. లైనులో పాత చెక్క స్లీపర్లు తీసేసి సిమెంటువి వేస్తున్న రోజులవి. పుచ్చిపోయిన ఒక స్లీపరు నుంచి బాగున్న ముక్కను కోసుకొచ్చి, దాని మీద కాల్చిన మేకుతో గీతలు పెట్టాడు. అది ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఆట ముగియకపోతే అలాగే ఉంచి బుట్ట బోర్లించేవారు. ఇద్దరూ మళ్లీ ఎదురెదురుగా కూర్చుంటేనే బుట్ట ఎత్తి ఆడాలి. ఆ ఇంట్లో దేవుడి మూల తర్వాత అంత మడిగా చూసుకునే చోటు ఆ బుట్ట ఒక్కటే.

అందుకే కోడి విషయం అంత పెద్దదైంది.

తొంభై ఏడు వేసవిలో పులులతో ఆడుతున్న ఫల్గుణ ఓడిపోబోతున్నాడు. సోని నీళ్లు తాగడానికి లేచింది. ఆ నిమిషంలో ఎక్కడి నుంచో ఒక కోడి ఎగిరొచ్చి సరిగ్గా చెక్క నడిమధ్యన వాలింది. మేకలు చెల్లాచెదురు. ఇంట్లో సాక్షి లేదు, భార్య కనక సంతకు వెళ్లింది. సోని వచ్చి చెక్కను చూసింది, తండ్రిని చూసింది, కోడిని చూసింది. సాయంత్రానికి ఊరంతా చాటింది: "మా అయ్య ఓడిపోతే కోడొస్తాది!"

ఏడాది పొడుగునా ఆ మాట ఫల్గుణ వెంట నడిచింది. నీళ్ల దగ్గర ఆడవాళ్లు నవ్వారు. గ్యాంగులో మంగ్లు "కొక్కొక్కో" అంటూ పట్టా మీద సుత్తితో తాళం వేశాడు. ఫల్గుణ తన బతుకులో ఎవరి దగ్గరా అణా కాజేసినవాడు కాడు, ఒక్క ఆటలో తొండి ఆడినవాడు కాడు. అలాంటివాణ్ణి సొంత కూతురు, అదీ వేలెడంత లేని గుంట, దొంగను చేసి పెట్టింది. కోడిని కోసుకు తినేశాడు. అయినా కసి తీరలేదు.

మరుసటి ఏడు జూన్‌లో సోని ఆరో తరగతికి జి.మాడుగుల హాస్టలుకు వెళ్లాలి. వెళ్లే ముందు రెండు రోజులు తండ్రీ కూతుళ్లు ఒకే ఆట ఆడారు. పులులు తండ్రివి, మేకలు కూతురివి. రెండు మేకలు చచ్చి సబ్బుపెట్టె మూతలో పడుకున్నాయి. పదమూడు మేకలు కలిసి రెండు పులుల్ని కట్టేశాయి. మూడో పులికి ఒక్క దారి మిగిలింది. ఎత్తు సోనిది. అప్పుడు జీపు హారను కొట్టింది.

సోని పెట్టె చేత్తో పట్టుకుని గుమ్మంలో ఆగింది. "దసరాకొస్తాను. అందాకా ఎవలూ ముట్టకూడదు. నువ్వసలు ముట్టకూడదు."

"నాను ముడతానేటే?"

"కదిలితే నువ్వే. కోడి లేదు కదా ఇప్పుడు."

ఆ మాట ఫల్గుణకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. బుట్ట బోర్లించి దాని మీద సన్నెకల్లు పెట్టాడు. నాలుగు నెలలు ప్రతి సాయంత్రమూ రాయి దించి, బుట్ట ఎత్తి, మూడో పులిని ఎలా తప్పించాలా అని చూసేవాడు. దారి దొరకలేదు. మళ్లీ బుట్ట, మళ్లీ రాయి. ఆ ఆట ఉన్నదున్నట్టు కూతురికి అప్పగించి, ఓడిపోతే మగాడిలా ఓడిపోయి, కోడి మచ్చ చెరుపుకోవాలి. ఆ దసరాకు అతనికి కావలసింది అదొక్కటే.

ఇక కోపం రావలసిన భాగం.

సోని వస్తుందనగా రెండు రోజుల ముందు ఫల్గుణ డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మూల శుభ్రంగా ఊడ్చి ఉంది. సన్నెకల్లు వంటింట్లో ఉంది. బుట్ట చూరుకు వేలాడుతోంది. చెక్క ఉంది. చెక్క మీద ఏమీ లేదు.

"కనకా!" అన్న కేక బొర్రా గుహల్లోకి వెళ్లి, అక్కడ తిరిగి తిరిగి, మర్నాటి పొద్దున బయటికొచ్చిందంటారు.

కనక చీర కొంగుకు కట్టిన కాగితం విప్పి ఇచ్చింది. రబ్బరు ముద్ర ఉంది. "పురాతన బొమ్మలు: 18. ప్రదర్శన నిమిత్తం" అని రాసి, కింద జగన్నాథరావు అని సంతకం. అరకులో దసరా ఉత్సవాలకు ఒక ఆఫీసు వాళ్లు ఏర్పాటు చేస్తున్న గిరిజన వస్తు ప్రదర్శన తాలూకు ఆఫీసరట. జీపులో వచ్చి ఊళ్లో పాత వస్తువులేమైనా ఉన్నాయా అని ఇల్లిల్లూ అడిగాడట.

"పాత వస్తువులంటే నా మేకలిస్తావా?"

"బుట్టెత్తి ఆయనే సూసినాడు మావా. సంబరపడిపోనాడు. పది రోజుల్లో పంపీస్తానన్నాడు. గవర్నమెంటోళ్లడిగితే లేదంతానా?"

"ఆట మజ్జిలో ఉన్నాదని సెప్పలేదా?"

"సెప్పినాను."

"ఏటన్నాడు?"

"నవ్వినాడు."

ఫల్గుణ అక్కడే కూలబడ్డాడు. ఇల్లు దోచుకుంటే పోలీసులున్నారు. పంట తింటే పశువుల దొడ్డి ఉంది. ఆట మధ్యలో ఉందని చెబితే నవ్వేవాడి మీద ఎవరికి చెప్పుకోవాలి?

కనకకూ ఒళ్లు మండింది. "నాలుగు నెలలై ఆ మూల ఊడవనీలేదు. బుట్ట కింద సాలీడు పిల్లల్ని పెట్టి, పిల్లలు కూడా పిల్లల్ని పెట్టినాయి. ఎల్లుండి గుంటొచ్చినాక గులకరాళ్లెట్టుకుని ఆడుకోండి. ఎక్కడేటున్నాదో నీకు గురుతే కదా?"

"నాకు గురుతే. అదేటంతాదో తెలీదా? నాకు కావలసినకాడ ఎట్టుకున్నానంతాది. కోడొచ్చిందంతాది. ఈపాలి కోడి జీపెక్కొచ్చిందంతాది!"

సెలవు మర్నాడు దొరకలేదు. ఆ మర్నాడు దొరికింది. ఆ రోజే సోని బస్సు పాడేరు మీదుగా రెండు గంటలకు అరకు చేరుతుంది. ఎలాగూ పిల్లను తీసుకురావాలి. బస్సు వచ్చేలోగా మేకలు చేతిలో ఉండాలని ఫల్గుణ పొద్దుటి పాసింజరెక్కాడు. వినోదం చూడడానికి మంగ్లు కూడా సెలవు పెట్టి ఎక్కాడు.

ప్రదర్శన స్టేషన్ ఎదురుగా ఒక రేకుల షెడ్డులో పెట్టారు. విల్లులు, బాణాలు, సొరకాయ బుర్రలు, జోడుమట్టెలు. అన్నీ దాటాక చిట్టచివర అద్దాల పెట్టె. లోపల ఎర్ర మఖమలు గుడ్డ. గుడ్డ మీద ముందు వరసలో మూడు పులులు. వాటి వెనక, పెళ్లివారు వియ్యంకుల వెంట నడుస్తున్నట్టు, పదిహేను మేకలు. పెట్టె ముందు అట్టముక్క మీద రంగు అక్షరాలు: "గిరిజనుల ప్రాచీన పూజా ప్రతిమలు. కాలం: సుమారు రెండు వందల సంవత్సరాలు. చేసినవారు: తెలియదు."

మంగ్లు కూడబలుక్కుని చదివి, ఫల్గుణను ఎగాదిగా చూశాడు. "రెండొందలేళ్లా! ఇన్నాళ్లూ నువ్వు నా ఈడోడివనుకున్నాను రా. పెద్దోడివి, దండాలు."

ఫల్గుణ అట్టముక్క చూడనే లేదు. అతని కళ్లు వెనక వరసలో కుడిచివర ఉన్న రెండు మేకల మీద ఉన్నాయి. "అవి సచ్చిపోనాయి," అన్నాడు.

"ఏటి?"

"ఆ రెండూ జూన్‌లోనే సచ్చిపోనాయి. మూతలో ఉండాల. బతికినోటితో కలిపి నిలబెట్టీసినారు!" గొంతు లేచింది. "ఆ పులేటి, ఎనక మేకని పెట్టుకుని అటు సూత్తన్నాది? పులికి సిగ్గుండదా? దాని పక్కన ఖాళీ ఉన్నాది, దూకీదా?"

పెట్టె దగ్గర కాపలా ఉన్న గాసి అనే మనిషి కర్ర ఊపాడు. "ఓయ్, అద్దం ముట్టీకు. ఇవి దేవుళ్లు."

"దేవుళ్లేటి? నమిలే మేకని సూడు, ఈడి మొకమే!" అని ఫల్గుణ మంగ్లును ముందుకు నెట్టాడు. గాసి మేకను చూసి, మంగ్లును చూసి, మళ్లీ మేకను చూసి, పెదవి కొరుక్కుని పక్కకు తిరిగాడు. వైజాగ్ నుంచి వచ్చిన యాత్రికులు నలుగురైదుగురు పోగయ్యారు. ఆ గోలకు జగన్నాథరావు వచ్చాడు. మైదానం మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబుకు రెండు పెన్నులు. మంచివాడేనంటారు. మంచివాళ్లతోనే చిక్కు, వాళ్ల మీద కోపం సగంలో ఆగిపోతుంది. ఫల్గుణకు మాత్రం ఆగలేదు.

"ఏమిటయ్యా గొడవ?"

"అవి నావి బాబుగారూ. నాను సేసినవి. ఆట మజ్జిలో ఎత్తుకొచ్చీసినారు. రెండు గంటల బస్సుకి నా గుంటొత్తాది. ఇచ్చీండి."

జగన్నాథరావు నవ్వాడు. కనక చెప్పిన నవ్వు ఇదేనని ఫల్గుణకు చూడగానే తెలిసిపోయింది. "ఇంత సన్నటి పని నువ్వు చేశావా? ఆ పులి మీసం చూడు. ఇప్పుడు ఇలాంటివి చేసేవాళ్లు ఎక్కడున్నారు?"

"ఇక్కడే ఉన్నాను బాబూ, ఎదురుగా!"

"రుజువేమిటి?"

మంగ్లు స్నేహితుణ్ణి ఆదుకోవడానికి దూకాడు. అదే అతను జీవితంలో చేసిన పెద్ద తప్పు. "రుజువుకేటండీ! ఆ పసుపు సూడండి, స్టేషన్ బోర్డు పసుపే. ఆ నలుపు రైల్వేదే. నాలిక గేటు రంగు. ఒక్క సుక్క కూడా ఈడు కొన్నది కాదు!"

"అయితే ప్రభుత్వం రంగు దొంగిలించాడన్నమాట," అన్నాడు జగన్నాథరావు.

యాత్రికులు పకపకా నవ్వారు. ఫల్గుణ చెవులు లెవెల్ క్రాసింగు గేటు రంగుకు తిరిగాయి. ఇంటి దగ్గర కూతురు తొండి ఆడాడంటుంది. ఇక్కడ ఆఫీసరు దొంగ అంటాడు. రాత్రీ పగలూ పట్టాలు బిగించి రైళ్లన్నీ క్షేమంగా కొండ దింపే మనిషికి ఈ లోకం ఇచ్చే మర్యాద ఇదా? "తుప్పల్లో పారేసిన డబ్బాలండీ! అడుగున గడ్డ! వరహాలరావునడగండి. నాను గీకకపోతే వానకి కొట్టుకుపోయీది. దొంగోణ్ణయితే డబ్బా నిండా ఎత్తుకెళ్లీవోణ్ణి కాదా? ఏనుగంత పులిని సేసీవోణ్ణి కాదా?"

ఈ చివరి మాట జగన్నాథరావుకు గుచ్చుకుంది. పులి నిజంగానే చాలా చిన్నది. ఆయన అద్దం దగ్గరికి వంగి, స్టేషన్ వైపు తిరిగి బోర్డు పసుపు చూసి, మళ్లీ వంగాడు. గొంతు తగ్గించాడు. "చూడవయ్యా, రిజిస్టరులో ఎక్కిన వస్తువు. ఉత్సవం అయ్యేదాకా కదలడానికి వీల్లేదు. పది రోజులు ఆగు. కావాలంటే ఆ అట్ట మీద నీ పేరు రాయిస్తాను. పెద్ద అక్షరాలతో."

మంగ్లు మోచేత్తో పొడిచాడు. "రాయించుకోరా, ఊళ్లో సూపిద్దుం."

"పేరొద్దు," అన్నాడు ఫల్గుణ. "పేరేం సేసుకోను? ఆట ఎక్కడున్నాదో అక్కడ పెట్టీండి సాలు. ఇయ్యకపోతే పోనీండి. పెట్టెలోనే పెట్టండి. కానీ ఎలగున్నాయో అలగే పెట్టండి. నా గుంట కళ్లారా సూడాల."

ఇలాంటి బేరం జగన్నాథరావు సర్వీసులో చూసి ఉండడు. యాత్రికుల్లో ఒకావిడ "పాపం, పెట్టించండి సార్, ఆట ఎలా ఉంటుందో మేమూ చూస్తాం" అంది. ఆయన గడియారం చూసుకుని, గాసికి సైగ చేశాడు. "ఎవరూ చేత్తో ముట్టకూడదు. నువ్వే పెట్టు. చేతిరుమాలుతో."

మఖమలు గుడ్డ మీద సుద్దముక్కతో గీత గీశారు. గాసి రుమాలు కప్పిన రెండు వేళ్లతో బొమ్మ ఎత్తడం, ఫల్గుణ అద్దం ఇవతల నుంచి చెప్పడం. "కిందకి. ఇంకా. ఆ మూల. అది కాదు, కడుపుతో ఉన్న మేక. ఆ, అదే." గాసి కూడా చిన్నప్పుడు ఆడినవాడే. నాలుగో మేక దాటాక అతనికీ ఊపు వచ్చింది. చచ్చిన రెండు మేకలు ఆనవాయితీగా పక్కన పడుకున్నాయి. చివరికి ఒక్కటే మిగిలింది, కుంటి మేక. మూడో పులికి ఉన్న ఒక్క దారి పక్కన నిలబడవలసింది అదే.

మంగ్లు చెవిలో అన్నాడు: "ఒక్క గడి ఇవతలెట్టించు. పులి బయటపడిపోతాది. ఎవడికి తెలుత్తాది?"

ఫల్గుణ అతని కాలు తొక్కాడు. తన పచ్చి కోపమంతా ఆ మడమ మీద పెట్టి తొక్కాడు. "పైగడి," అన్నాడు గాసితో. "పులి పక్కనే. పెట్టీ."

రెండు దాటి పావుగంటకు సోని వచ్చింది. నూనె రాసిన రెండు జడలు, హాస్టలు గౌను, దుమ్ము కొట్టుకుపోయిన మొహం. అయ్య బస్టాండులోంచి చెయ్యి పట్టుకుని ఈడ్చుకొస్తూ దారంతా చెబుతూనే ఉన్నాడు: జీపు, ఆఫీసరు, రబ్బరు ముద్ర, కాగితం కూడా చూపించాడు. సోని నేరుగా వచ్చి అద్దాల పెట్టె ముందు నిలబడింది. నిలబడే ఉంది.

"ఈ మేకిక్కడ కాదు," అంది.

ఫల్గుణ అద్దం మీదికి వంగాడు. "ఏది?"

"కుంటిది. ఇక్కడెవలెట్టినారు?"

"అక్కడే ఉన్నాది! నాలుగు నెలలై రోజూ సూత్తన్నాను. నీ ఒట్టు!" అయిపోయింది. ఇంత చేసి మళ్లీ తొండిగాడే అయ్యాడు. ఈ అవమానం ఎవరి మీద చూపాలో తెలియక గాసి మీదికి తిరిగాడు. "నువ్వు సరిగ్గా ఎట్టలేదేటి?"

"మీరు సెప్పినకాడే ఎట్టినాను!" గాసి రుమాలు విదిలించాడు.

సోని తల ఊపింది. "అక్కడుంటే పులి ఇప్పుడే కట్టీసినట్టే కదా. నేనెల్లినప్పుడు ఒక దారి ఉంది. కుంటిది ఒక గడి ఇవతలుంది. నాకు మంచిదయ్యేలాగెట్టినావు." ఆ పిల్ల తండ్రి మొహంలోకి చూసింది. "భయపడిపోయి ఎట్టీసినావు. కోడని అంతానని."

జగన్నాథరావు, యాత్రికులు, మంగ్లు, అందరూ ఫల్గుణను చూశారు. నాలుగు నెలలు చూసి చూసి, ఓటమి ఖాయమని రోజూ అనుకుని అనుకుని, చివరికి అతని బుర్రలో కుంటి మేక తనంతట తానే ఒక గడి ముందుకు నడిచింది. తనకే నష్టమయ్యేలా తొండి ఆడిన మనిషి ఈ కొండల్లో ఇంతవరకూ లేడు. అయినా ఒప్పుకుంటాడా?

"నాను తప్పెట్టలేదు! అక్కడే ఉన్నాది!"

"లేదు. ఇక్కడుంది."

"అక్కడెడితే నీకే లాభం కదే!"

"నాకు లాభం అక్కర్లేదు. ఉన్నకాడ ఎట్టు."

"ఎట్టను!"

చివరికి జగన్నాథరావు, తను ఏ పనికి వచ్చాడో పూర్తిగా మర్చిపోయి, "గాసీ, అమ్మాయి చెప్పినచోట పెట్టు," అని తీర్పు చెప్పాడు. కుంటి మేక ఇవతలి గడిలోకి వచ్చింది. మూడో పులికి ఊపిరాడింది. ఎత్తు సోనిది. అక్కడే, ఆ అద్దాల పెట్టెలోనే, గాసి రుమాలుతో ఎత్తులు వేస్తుంటే ఆట సాగింది.

బొమ్మలు పదకొండో రోజున దూదిలో చుట్టి జీపులోనే ఇంటికి వచ్చాయి. ఒక పులికి ఎడమ మీసం లేదు. దాని గురించి ఫల్గుణ ఇప్పటికీ తిడుతూనే ఉంటాడు. కోడి మాట మాత్రం సోని మళ్లీ ఎత్తలేదు. ఊళ్లో ఎవరైనా ఎత్తినా, "మా అయ్య ఓడిపోయీటప్పుడు కూడా నాకే ఒక గడి ఎక్కువిచ్చీసినాడు" అని వాళ్ల నోరు మూయించేది.

ఆ ఆట గురించి మాత్రం లోయంతా ఈనాటికీ చెప్పుకుంటారు. అయిదొందల మంది జనం షెడ్డు రేకుల మీదికెక్కి చూశారు. కిరండూల్ పాసింజరు డ్రైవరు హారను కొట్టడం మానేసి అరగంట బండి ఆపాడు. మూడో పులి పన్నెండెత్తులు పోరాడింది, మేకల మీంచి గాలిలో దూకింది, అద్దానికి గోళ్ల గీతలు పడ్డాయి. జగన్నాథరావు పులుల పక్షాన కేకలు వేసి రెండు పెన్నులూ పోగొట్టుకున్నాడు. ఓడిపోయే క్షణంలో ఫల్గుణ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇదంతా ఇంటి గుమ్మంలో కూర్చుని రంగు వేస్తున్న ఫల్గుణకు పూసగుచ్చినట్టు చెబితే, కుంచె ఎత్తకుండానే అన్నాడు:

"జనం ఇరవై మందుంటారేమో. రైలేటీ ఆగలేదు. పన్నెండెత్తులు కాదు, మూడే. మూడెత్తుల్లో కట్టీసింది."